ఇంటి నుంచే డిగ్రీ: ఫోను, నెట్టు, పోర్టల్ చిక్కులపై పాఠకుల ప్రశ్నలు

దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో డిగ్రీలు చదువుతున్నవాళ్లు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు ఇస్తున్నాం. పాఠం అర్థం కాలేదన్న ఉత్తరాలు తక్కువ. పాఠం ఫోన్లోకి రావడం లేదు, రాసింది పోర్టల్ తీసుకోవడం లేదు అన్నవే ఎక్కువ. ఒకే తీరు ప్రశ్నల్ని కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: పాడేరు దగ్గర పల్లె మాది. దూరవిద్యలో ఎం.ఏ. చదువుతున్నాను. రోజుకు 1.5 జీబీ డేటా ప్యాక్. శని, ఆదివారాల్లో రెండేసి జూమ్ క్లాసులు. మొదటి క్లాసు సగంలోనే డేటా అయిపోతోంది. వైఫై లేదు. ఏం చెయ్యాలి?

ముందు లెక్క చూడండి. గంటసేపు వీడియో 720పి నాణ్యతలో నడిస్తే దాదాపు 1 నుంచి 1.5 జీబీ ఖర్చవుతుంది. అదే 360పి అయితే 300 నుంచి 400 ఎంబీ, 144పి అయితే 100 ఎంబీ లోపే. వీడియో ఆపేసి మాట మాత్రమే వింటే గంటకు 30 నుంచి 60 ఎంబీ చాలు. అంటే మీ ప్యాక్‌తో గంట దాటిన క్లాసు ఒక్కటి కూడా 720పిలో పూర్తిగా చూడలేరు. మాటకైతే రోజంతా సరిపోతుంది.

జూమ్‌లో మీటింగ్ తెర మీద వేలితో పక్కకు జరిపితే సేఫ్ డ్రైవింగ్ మోడ్ వస్తుంది. అందులో ఇటు మీ వీడియో, అటు అవతలివాళ్ల వీడియో రెండూ ఆగి మాట ఒక్కటే వినిపిస్తుంది. గూగుల్ మీట్‌లో అయితే సెట్టింగ్స్‌లో డేటా వాడకాన్ని తగ్గించే మీట ఉంది. ఒక ఇబ్బంది ఉంది, సేఫ్ డ్రైవింగ్ మోడ్‌లో మాస్టారు చూపించే స్లైడ్లు కూడా కనబడవు. కాబట్టి స్లైడ్ల పీడీఎఫ్ ముందే అడిగి దింపుకోండి. లేదంటే ఆ యూనిట్ పుస్తకం తెరిచి పెట్టుకుని వినండి. సాహిత్యం, చరిత్ర, రాజనీతి శాస్త్రం ఇలా వినడంలో నష్టం దాదాపు లేదు. గణాంక శాస్త్రం, అకౌంట్స్ మాత్రం బోర్డు కనబడకపోతే కుదరవు. వాటికి రికార్డింగ్‌ను తర్వాత 360పిలో చూడండి. అంకెలు మసకగా ఉన్నచోట ఆ కాసేపే నాణ్యత పెంచితే సరి.

క్లాసు మొదలయ్యేముందు వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు తమంతట తాము దిగడం ఆపేయండి. ప్లే స్టోర్ ఆటో అప్‌డేట్, ఫోటోల బ్యాకప్ కూడా ఆపాలి. ఆండ్రాయిడ్‌లో డేటా సేవర్ వేస్తే తెర వెనక నడిచే యాప్‌లకు ముక్కుతాడు పడుతుంది. కొందరి విషయంలో పాఠం కంటే ఈ దొంగ ఖర్చే ఎక్కువ.

డేటా అసలు అక్కర్లేని దారి కూడా ఒకటుంది, జనం దాన్ని మరచిపోయారు. డీడీ ఫ్రీ డిష్‌లో స్వయం ప్రభ అనే ప్రభుత్వ పాఠాల ఛానెళ్లు వస్తాయి. రోజూ కనీసం 4 గంటల కొత్త పాఠాలు వేసి, వాటినే అదే రోజు మరో 5 సార్లు తిప్పి వేస్తారు. పొద్దున్న పొలం పనికి వెళ్లినవాళ్లు రాత్రి చూసుకోవచ్చు. పాత సెట్‌టాప్ పెట్టెలో ఛానెళ్లు కనబడకపోతే ఒకసారి ఆటో స్కాన్ చెయ్యండి. అప్పటికీ రాకపోతే ఎంపెగ్-4 అనే కొత్త తరహా పెట్టె కావాల్సి ఉండొచ్చు. మీ సిలబస్‌తో అచ్చంగా సరిపోదు, తెలుగులో పాఠాలూ తక్కువే. అయినా ఆర్థిక శాస్త్రం, కామర్స్, సైన్సు చదివేవాళ్లకు పనికొస్తుంది. ఉపగ్రహం ద్వారా పల్లెకు పాఠం చేరడం మనకు కొత్తేమీ కాదు. 1975-76లో ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లకు ఉపగ్రహ టీవీ ప్రయోగం నడిపినప్పుడు అప్పటి ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ అందులో ఉన్నాయి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే.

ప్రశ్న: చేత్తో రాసిన అసైన్‌మెంట్‌ను ఫోటోలు తీసి పోర్టల్‌లో పెడుతుంటే ఒకసారి ఫైలు పెద్దదంటుంది, ఒకసారి 90 శాతం దాకా వచ్చి మళ్లీ లాగిన్ అడుగుతుంది. గడువు దగ్గర పడింది. (బి.కాం. విద్యార్థిని, నర్సీపట్నం)

మీరు కెమెరాతో ఫోటో తీస్తున్నారు, చిక్కంతా అక్కడే. ఫోన్ కెమెరాలో ఒక్కో ఫోటో 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. 20 పేజీలంటే 60 ఎంబీ దాటిపోతుంది. పోర్టళ్లు సాధారణంగా ఒక్కో సబ్జెక్టుకు కొద్ది ఎంబీలే తీసుకుంటాయి. ఇక మళ్లీ లాగిన్ అడగడానికి కారణం ఇది: 4జీలో దిగే వేగం కంటే ఎక్కే వేగం బాగా తక్కువ. సిగ్నల్ బలహీనంగా ఉండి సెకనుకు అర మెగాబిట్ మాత్రమే ఎక్కుతుంటే 5 ఎంబీ ఫైలుకు 80 సెకన్లు పడుతుంది, 25 ఎంబీ ఫైలుకు ఆరున్నర నిమిషాలు దాటుతుంది. ఆలోగా పోర్టల్ మిమ్మల్ని బయటికి పంపేస్తుంది.

స్కానింగ్ యాప్ వాడండి. గూగుల్ డ్రైవ్‌లో ప్లస్ గుర్తు నొక్కితే స్కాన్ అని ఉంటుంది, విడిగా యాప్ అక్కర్లేదు. పగటిపూట కిటికీ పక్కన కాగితం పెట్టండి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే మీ చెయ్యి నీడే పేజీ మీద పడుతుంది. ఫోను కాగితానికి సరిగ్గా పైన, సమాంతరంగా ఉండాలి. రంగు తీసేసి గ్రే ఎంచుకోండి. పూర్తి నలుపు-తెలుపు పెడితే ఫైలు ఇంకా చిన్నదవుతుంది గానీ పెన్సిల్‌తో గీసిన గ్రాఫులు, లెడ్జర్ గీతలు మాయమైపోతాయి. కామర్స్ వాళ్లు దీనివల్లే మార్కులు పోగొట్టుకుంటారు. గ్రేలో, 150 నుంచి 200 డీపీఐ (స్కాన్ స్పష్టత కొలత)లో పేజీకి సుమారు 150 నుంచి 250 కేబీ వస్తుంది. 20 పేజీలు కలిపినా 5 ఎంబీ దాటదు.

అన్ని పేజీలూ ఒకే పీడీఎఫ్‌గా ఉండాలి. ఫైలు పేరులో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు మాత్రమే వాడండి. ఖాళీలు, చుక్కలు, తెలుగు అక్షరాలు ఉంటే కొన్ని పోర్టళ్లు కారణం చెప్పకుండానే తిరగ్గొడతాయి. నంబరు, కోర్సు కోడ్ చాలు. పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ పెట్టొద్దు. సైజు తగ్గిస్తామనే ఊరూపేరూ లేని సైట్లలోకి ఎక్కించొద్దు, మొదటి పేజీలో మీ ఎన్‌రోల్‌మెంట్ నంబరు, ఫోను, సంతకం అన్నీ ఉంటాయి.

ఎక్కించాక అదే పోర్టల్‌లోంచి ఫైలు మళ్లీ తెరిచి చివరి పేజీ దాకా చూడండి. రసీదు తెరను స్క్రీన్‌షాట్ తీసుకుని, ఫలితం వచ్చేదాకా అసలు కాగితాలు దాచండి. గడువు చివరి రోజు సాయంత్రం సర్వర్ మీద అందరూ ఒక్కసారే పడతారు. ఆ రోజు తెల్లవారుజామున 5 గంటలకు ప్రయత్నిస్తే సులువుగా వెళ్తుంది. ఇంకోటి, కొన్ని విశ్వవిద్యాలయాలు కాగితం ప్రతిని స్టడీ సెంటర్‌లో ఇవ్వమని కూడా అడుగుతాయి. నోటీసు పూర్తిగా చదవండి.

ప్రశ్న: నాకు చూపు లేదు. బి.ఏ. తెలుగు మీడియం. విశ్వవిద్యాలయం ఇచ్చిన పీడీఎఫ్‌ను ఫోన్లో తెర మీది రాతను చదివి వినిపించే టాక్‌బ్యాక్ యాప్‌తో వింటే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వినిపిస్తున్నాయి. యాప్ పాడైందా? (వరంగల్)

యాప్ బాగానే ఉంది, పీడీఎఫే అలా తయారైంది. డీటీపీ కాలం నాటి తెలుగు ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మను ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో కూర్చోబెట్టేవారు. అచ్చులో చూస్తే చక్కటి తెలుగే. కంప్యూటర్‌కు మాత్రం అది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కుప్ప. టాక్‌బ్యాక్ ఉన్నదున్నట్టు ఆ కుప్పనే చదువుతోంది. చూపున్నవాళ్లకూ ఇదే దెబ్బ మరో రూపంలో తగులుతుంది, అలాంటి పీడీఎఫ్‌లో ఏ మాట వెతికినా దొరకదు. మరికొన్ని పీడీఎఫ్‌లు పాత పుస్తకాలను స్కాన్ చేసిన ఫోటోలు, వాటిలో అక్షరాలే ఉండవు.

పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో అతికించమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఇంగ్లిష్ అక్షరాలు వస్తే అది పాత ఫాంటు, దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లు, కంప్యూటర్లు తెలుగుగానే గుర్తించే రూపంలోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. ఫాంటు పేరు సరిగ్గా ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులు చెదురుతాయి. అసలు ఏమీ కాపీ కాకపోతే అది ఫోటో.

ఫోటో అయితే ఓసీఆర్ చెయ్యాలి, అంటే బొమ్మలోని రాతను అక్షరాలుగా మార్చాలి. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే కింద తెలుగు అక్షరాలు వస్తాయి. ఫైలు 2 ఎంబీ లోపు ఉండేలా, పది పేజీల చొప్పున విడగొట్టండి. పేజీలు నిటారుగా ఉండాలి. రెండు వరుసల్లో అచ్చయిన పేజీ అయితే ఎడమ, కుడి వరుసల వాక్యాలు కలగలిసిపోతాయి, అలాంటివాటిని నిలువునా రెండు ముక్కలు చెయ్యాలి. తెలుగు ఓసీఆర్ బాగా మెరుగైంది గానీ ‘మ’ను ‘వు’ అనుకోవడం, ‘ద’, ‘ధ’, ‘థ’ కలిపేయడం, ఒత్తులు మింగేయడం ఇంకా ఉన్నాయి. చరిత్రలో సంవత్సరాలను, ఛందస్సులో గణాలను ఎవరితోనైనా ఒకసారి సరిచూయించుకోండి.

వచ్చిన పాఠాన్ని టాక్‌బ్యాక్, గూగుల్ తెలుగు గొంతుతో చదువుతుంది. కంప్యూటర్‌లో అయితే తెర చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితం. అందులోని ఈస్పీక్ తెలుగు గొంతు కాస్త మరబొమ్మలా ఉంటుంది గానీ, వేగం పెంచినా మాట విడిగా వినబడుతుంది.

ఇదంతా మీరు చేసుకోవాల్సిన పని కాదన్నది మా అభిప్రాయం. చదవగలిగే రూపంలో పాఠం ఇవ్వడం విశ్వవిద్యాలయం బాధ్యత. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేరు రాసి, కోర్సు కోడ్‌లతో సహా యూనికోడ్ ప్రతి గానీ ఆడియో గానీ కావాలని రిజిస్ట్రార్‌కు లిఖితపూర్వకంగా అడగండి. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం దివ్యాంగుల కోసం పుస్తకాన్ని అందుబాటు రూపంలోకి మార్చడం తప్పు కాదు. అలా మార్చిన పుస్తకాలు సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో దొరుకుతాయి. పరీక్షలో గంటకు 20 నిమిషాల అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు మీ హక్కు. దరఖాస్తు మాత్రం పరీక్ష ఫారంతోనే పెట్టాలి. హాల్ టికెట్ వచ్చాక అడిగితే సెంటర్‌లో తిప్పుతారు.

ప్రశ్న: ఆన్‌లైన్ డిగ్రీ, దూరవిద్య డిగ్రీ ఒకటేనా? ఉద్యోగాలకు చెల్లుతాయా? (పలువురు)

ఒకటి కాదు. దూరవిద్యలో పుస్తకాలు, స్టడీ సెంటర్, అక్కడి కాంటాక్ట్ క్లాసులు, కేంద్రంలో పరీక్ష ఉంటాయి. ఆన్‌లైన్‌లో వీడియో పాఠం, చదివే పాఠం, చర్చావేదిక, స్వీయ పరీక్ష అనే నాలుగు భాగాలూ నెట్‌లోనే నడుస్తాయి. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు ఉన్న సంస్థ నుంచి పొందితే రెండూ రెగ్యులర్ డిగ్రీతో సమానం.

ఆ గుర్తింపు విశ్వవిద్యాలయానికి ఉంటే సరిపోదు. ఆ కోర్సుకు, మీరు చేరే విద్యా సంవత్సరానికి ఉండాలి. యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో సంవత్సరం వారీగా జాబితా ఉంది, అడ్మిషన్ ఏజెంటు మాట వినేముందు అది తెరవండి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దూరవిద్యను తమ పరిధిలోనే నడపాలి, ఫ్రాంచైజీలు ఇవ్వకూడదు. వేరే రాష్ట్ర విశ్వవిద్యాలయం పేరు చెప్పి మీ ఊళ్లో రెండు గదుల కోచింగ్ సెంటర్ పరీక్షలు కూడా మేమే పెడతామంటే అనుమానించండి. ఇంజినీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రం, ఫార్మసీ, నర్సింగ్ వంటివి దూరవిద్యలో లేవు. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, న్యూట్రిషన్ వంటి ఆరోగ్య సంబంధ కోర్సులనూ ఆపేశారు.

ప్రశ్న: ఇంట్లోనే ప్రొక్టార్డ్ పరీక్ష, అంటే కెమెరా నిఘాలో జరిగే పరీక్ష రాయాలి. మా ఇంట్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. మధ్యలో ఆగిపోతే కాపీ కొట్టాననుకుంటారా? (ఎం.బి.ఎ. ఆన్‌లైన్, తాడేపల్లిగూడెం)

నెట్ పోయినంత మాత్రాన కాపీ అనుకోరు. సాఫ్ట్‌వేర్ చేసేది అనుమానం వచ్చిన చోట గుర్తు పెట్టడం. దాన్ని చూసి తేల్చేది సాధారణంగా మనిషే. కాకపోతే అనుమానాలు తక్కువగా వచ్చేలా మీరే ఏర్పాటు చేసుకోవాలి.

ముందుగా కరెంటు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పూర్తి ఛార్జింగ్ మీద ఎంతసేపు ఆగుతుందో కెమెరా వేసి ఉంచి చూడండి. ఊరికే ఉంచితే గంటన్నర ఆగేది కెమెరాతో ముప్పావు గంటకే పడిపోవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ లేకపోతే రౌటర్‌కు చిన్న డీసీ యూపీఎస్ కొనండి, కరెంటు పోయినా రెండు మూడు గంటలు నెట్ నిలుస్తుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీది అంకెలు చదవండి. చాలావాటికి 12 వోల్టులే, కొన్నిటికి 9 వోల్టులు. 9 వోల్టుల రౌటర్‌కు 12 ఇస్తే కాలిపోవచ్చు. ఫైబర్ కనెక్షన్‌కు గోడ మీద విడిగా పెట్టె ఉంటే దానికీ బ్యాకప్ కావాలి. రౌటర్ వెలుగుతున్నా నెట్ లేదని తలపట్టుకునేది ఇక్కడే. మొబైల్ హాట్‌స్పాట్ పాస్‌వర్డ్‌ను ల్యాప్‌టాప్‌లో ముందే సేవ్ చేసి ఉంచండి. ఎవరూ వాడకపోతే హాట్‌స్పాట్ దానంతటది ఆగిపోయే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని తీసేయండి. ఆ ఫోను గదిలో ఉండొచ్చో లేదో నిబంధన చూసుకుని, కూడదంటే పక్క గదిలో ఇంట్లోవాళ్ల చేతికివ్వండి.

మూడు రోజుల ముందు అదే ల్యాప్‌టాప్, అదే గది, అదే నెట్‌తో సిస్టమ్ టెస్టు చెయ్యండి. ఆఫీసు ల్యాప్‌టాప్ వద్దు, కంపెనీ భద్రతా ఏర్పాట్లు పరీక్ష బ్రౌజర్‌ను అడ్డుకుంటాయి. విండోస్ అప్‌డేట్లు వారం పాటు పాజ్ చెయ్యండి. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటివి మూసేస్తే సరిపోదు, తీసేయండి. వెనక అవి నడుస్తుంటే కొన్ని పరీక్షలు తెరుచుకోనే తెరుచుకోవు. రెండో మానిటర్ వైరు పీకేయండి.

వెలుతురు ముఖానికి ఎదురుగా ఉండాలి. కిటికీ వీపు వెనక ఉంటే ముఖం నల్లగా పడి, మనిషి లేరని సాఫ్ట్‌వేర్ గుర్తు పెడుతుంది. ప్రశ్న పెదాలు కదుపుతూ చదువుకునే అలవాటున్నవాళ్లు జాగ్రత్త. చిత్తు లెక్కకు కాగితం అనుమతి ఉందో లేదో ముందే అడగండి, పదేపదే తల దించితే అదీ అనుమానమే. వెనక తలుపుకు గడియ పెట్టండి. శ్రావణ మాసంలో గుడి మైకు ఆపడం మీ చేతుల్లో లేదు గానీ, వీధి వైపు గది కాకుండా లోపలి గది ఎంచుకోవడం మీ చేతుల్లోనే ఉంది.

మధ్యలో తెగిపోతే విండో మూసేయొద్దు. ఎంచుకున్న జవాబులు సాధారణంగా అప్పటికప్పుడు సర్వర్‌కు వెళ్లిపోతుంటాయి. నెట్ రాగానే అదే లాగిన్‌తో లోపలికి వెళ్లండి. తెగిన సమయం గుర్తుంచుకుని ప్రొక్టర్ చాట్‌లో రాయండి. పరీక్ష అవ్వగానే అదే రోజు పరీక్షల విభాగానికి మెయిల్ పెట్టండి: నమోదు సంఖ్య, కోర్సు కోడ్, ఎన్ని గంటలకు తెగింది, ఎన్ని గంటలకు వచ్చింది. ఫలితాలు వచ్చాక రాసే మెయిల్‌కు బలం ఉండదు. పెద్ద పేరాలు టైప్ చేసే పరీక్ష అయితే ప్రతి కొన్ని వాక్యాలకూ సేవ్ నొక్కడం అలవాటు చేసుకోండి, టైప్ చేసిందంతా దానంతటది సేవ్ అవుతుందన్న నమ్మకం లేదు.

ప్రశ్న: కువైట్‌లో డ్రైవర్‌గా పని చేస్తున్నాను. ఆన్‌లైన్ బి.ఏ.లో చేరాను. క్లాసులు ఆదివారం పొద్దున్న 10 గంటలకు పెడుతున్నారు. ఇక్కడ ఆదివారం డ్యూటీ. గడువులు కూడా గందరగోళంగా ఉన్నాయి.

మీకు శుక్ర, శనివారాలు సెలవు, మనవాళ్లకు ఆదివారం సెలవు. పైగా భారత సమయం కువైట్ కంటే రెండున్నర గంటలు ముందు. మన 10 గంటలంటే మీకు పొద్దున్న 7:30, బండి తియ్యాల్సిన వేళ. రికార్డింగ్‌ను శుక్రవారం చూసుకోవడమే దారి. హాజరు లెక్కకు ప్రత్యక్ష క్లాసే కావాలా, రికార్డింగ్ చూసినా సరిపోతుందా అన్నది మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

రాత్రి 11:59 గడువు అంటే మీకు 9:29. పోర్టల్ మూడిల్ అనే పాఠాల సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంటే మీ ప్రొఫైల్‌లో టైమ్‌జోన్ కువైట్‌కు మార్చండి, గడువులన్నీ మీ గడియారం ప్రకారమే కనబడతాయి. మూడిల్ యాప్‌లో పాఠాలు దింపుకునే వీలు విశ్వవిద్యాలయం ఇచ్చి ఉంటే గదిలో వైఫై ఉన్నప్పుడు వారానికి సరిపడా దింపుకోండి. బండి ఆగినచోట నెట్ లేకుండానే చదవొచ్చు.

అసలు ప్రమాదం ఓటీపీతో. ఇండియా సిమ్‌కు రీఛార్జ్ లేక నంబరు రద్దయితే పోర్టల్, డిజిలాకర్, పరీక్ష ఫీజు ఒకేసారి మూతపడతాయి. ఆ నంబరును బతికించుకోండి, పోర్టల్‌లో ఈమెయిల్ కూడా నమోదు చెయ్యండి. పరీక్ష కువైట్ నుంచే రాయొచ్చా, ఇండియా రావాలా అన్నది రెండో సెమిస్టర్ ఫీజు కట్టేలోపే తేల్చుకోండి.

ప్రశ్న: అసైన్‌మెంట్లు చాట్‌జీపీటీతో రాయిస్తే పట్టుకుంటారా? (డిగ్రీ విద్యార్థులు, ముగ్గురు)

పట్టుకుంటారా అన్నదానికంటే ముందు మార్కుల లెక్క చూడండి. జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో పద్ధతిలో అసైన్‌మెంట్‌కు 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం. ఆ 70 శాతం మూడు గంటలు కూర్చుని చేత్తో రాయాలి. ఏడాది పొడుగునా చెయ్యి కదపనివాళ్లకు అక్కడ పేజీ నిండదు.

ఇక పట్టుబడే తీరు. మూల్యాంకనం చేసేవాళ్ల ముందు ఒకే ప్రశ్నకు వరసగా కాపీలుంటాయి. ‘ఈ అంశం బహుముఖీనమైనది’ అని మొదలై ‘అని చెప్పవచ్చు’ అని ముగిసే ఒకే అచ్చు జవాబులు నాలుగోది వచ్చేసరికి తెలిసిపోతాయి. అంతకంటే పెద్ద చిక్కు, ఈ యంత్రాలు లేని పుస్తకాన్ని, లేని పేజీ నంబరును ఎంతో ధీమాగా ఇస్తాయి. ప్రాంతీయ చరిత్ర, తెలుగు సాహిత్యం అడిగితే ఈ జబ్బు మరీ ఎక్కువ. ప్రాజెక్టు రిపోర్టులకు సారూప్యత పరీక్ష ఉండొచ్చు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు, ఆపైన మెట్లు మెట్లుగా శిక్షలున్నాయి.

ఉపయోగం లేదని కాదు. మీ యూనిట్ పాఠాన్ని ఇచ్చి ‘దీని నుంచి పది చిన్న ప్రశ్నలు అడుగు, నేను జవాబు రాశాక తప్పులు చెప్పు’ అనండి. అర్థం కాని గ్రాఫును మరోలా వివరించమనండి. అది చెప్పిన ప్రతి సంవత్సరాన్నీ, పేరునూ మీ పుస్తకంతో సరిచూడండి.

ప్రశ్న: బి.ఎస్సీ. కెమిస్ట్రీ దూరవిద్యలో చదువుతున్నాను. వర్చువల్ ల్యాబ్‌లో ప్రయోగాలన్నీ చేసేశాను. ప్రాక్టికల్స్‌కు సెంటర్‌కు వెళ్లాలా? (నల్లగొండ)

వెళ్లాలి. కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ మంచివే, అందులో ప్రయోగం వరస, పరికరాల పేర్లు, లెక్క కట్టే తీరు బాగా వంటబడతాయి. కానీ ద్రావణాన్ని చుక్క చుక్కగా కలిపి గాఢత కనుక్కునే టైట్రేషన్‌నే తీసుకోండి. తెర మీద మీట నొక్కితే చుక్క పడుతుంది. బల్ల దగ్గర ఎడమ చేత్తో బ్యూరెట్ మీట పట్టుకుని, కుడి చేత్తో ఫ్లాస్కు తిప్పుతూ, చివరి అర చుక్కను గాజు అంచుకు తాకించి దింపడం ఉంది చూశారూ, అది చేతికి రావాలి. ఫినాఫ్తలీన్ లేత గులాబీకి తిరిగి అర నిమిషం నిలిస్తే అంతిమ బిందువు. ముదురు గులాబీ అయిందంటే దాటేశారు, ఆ రీడింగు పనికిరాదు. బ్యూరెట్‌లో ద్రవం అంచును కంటి ఎత్తున చూడకపోతే 0.1 మిల్లీలీటరు తేడా అవలీలగా వస్తుంది. కొలతకు ముందు బ్యూరెట్ కొనలో గాలి బుడగ ఉండిపోతే అది మధ్యలో జారిపోయి లెక్కంతా తప్పుతుంది. సిమ్యులేషన్‌లో ఈ తప్పులు చాలావరకు ఎదురుకావు.

సెంటర్‌కు వెళ్లేముందు రాత్రి ఆ ప్రయోగం ఒకసారి వర్చువల్ ల్యాబ్‌లో చేసి, పట్టిక గళ్లు గీసుకుని వెళ్లండి. ల్యాబ్‌లో ఉన్న కొద్ది గంటలూ చేతిపనికే మిగులుతాయి.

ప్రశ్న: స్టడీ సెంటర్‌లో కౌన్సెలర్‌ను. వాట్సాప్ గ్రూపులో రెండు వందల మందికి పైగా ఉన్నారు. ఆన్‌లైన్ క్లాసు పెడితే పది మంది కూడా రారు. ఏం చెయ్యమంటారు? (విజయనగరం)

మాస్టారూ, ఆ రెండు వందల మంది క్లాసుకు రాకపోవడం బద్ధకం వల్లే కాదు. పుస్తకంలో ఉన్నదే గంటసేపు చదివితే, పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్లు ఎందుకు వస్తారు? క్లాసు 40 నిమిషాలకు కుదించండి. పోయిన ఏడాది ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న తీసుకుని జవాబు ఎలా కట్టాలో చూపించండి. ఆ యూనిట్‌లో అందరూ తప్పటడుగు వేసే చోటు ఒక్కటి వివరించండి. మిగతా సమయం వాళ్ల ప్రశ్నలకు వదలండి. సమయం మీరు నిర్ణయించకుండా గ్రూపులో పోల్ పెట్టండి. ఇల్లాళ్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు ఉన్న బ్యాచ్‌కు రాత్రి తొమ్మిదిన్నర చాలాసార్లు కుదురుతుంది.

రికార్డింగ్ మొత్తం పంపితే ఎవరూ తెరవరు. ఒక్కో అంశం పది నిమిషాలకు మించకుండా ముక్కలు చెయ్యండి. 360పిలో ఆ ముక్క 70 ఎంబీ దాటదు. దాని ఆడియోను విడిగా 32 కేబీపీఎస్‌లో తీస్తే రెండున్నర ఎంబీ లోపే ఉంటుంది, దాన్ని బస్సులో కూడా వింటారు. గ్రూపును రెండుగా చెయ్యండి. ప్రకటనల గ్రూపులో అడ్మిన్లే రాయాలి, సందేహాలకు వేరే గ్రూపు. ఫీజు గడువు సందేశం శుభోదయాల కింద పూడిపోయిందన్న ఫిర్యాదు ఇక రాదు.

ఇవన్నీ చేసినా మొదటి అసైన్‌మెంట్ దగ్గర మనిషి జవాబు దొరకాలి. మానేసేవాళ్లలో చాలామంది అక్కడే జారిపోతారు. పోర్టల్‌లో 18 అని అంకె ఒక్కటే కనబడితే 30కి 18 ఎందుకొచ్చిందో వాళ్లకు తెలియదు. ‘రెండో ప్రశ్నలో ఉదాహరణ లేదు, మూడోది బాగుంది’ అని రెండు ముక్కలు పదిహేను రోజుల్లోపు పంపండి. అందరికీ రాయలేకపోతే అంచు మీదున్నవాళ్లకైనా ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. అసలు ఏమీ పంపనివాళ్లకు గడువుకు వారం ముందు ఫోను చెయ్యండి.

ప్రశ్న: ఆధార్‌లో నా పేరు ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది. డెబ్ ఐడీ చేసుకోవాలంటే పేరు కలవడం లేదంటోంది. (గృహిణి, ఖమ్మం)

డెబ్ అంటే యూజీసీ దూరవిద్య విభాగం. డెబ్ ఐడీ అంటే దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరడానికి 2024-25 నుంచి తప్పనిసరి చేసిన గుర్తింపు సంఖ్య. దానికి ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను జమచేసే ఖాతా) సంఖ్య ఉండాలి, అది డిజిలాకర్ నుంచి వస్తుంది, డిజిలాకర్ పేరును ఆధార్ నుంచి తీసుకుంటుంది. అందువల్ల సరిచెయ్యడం ఆధార్ దగ్గరే మొదలవ్వాలి. డెబ్ పోర్టల్‌లో ఎన్నిసార్లు ప్రయత్నించినా లాభం లేదు.

పదో తరగతి మెమో పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లండి. మెమోలో ఇంటిపేరు ముందుందో వెనకుందో, మధ్యలో ఖాళీ ఉందో లేదో చూసి అచ్చం అలాగే రాయించండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు కాబట్టి రసీదు మీద స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూశాకే కేంద్రం నుంచి బయటికి రండి. ఫోను నంబరు మారి ఉంటే అదీ అక్కడే ఇచ్చేయండి. మార్పు అయినట్టు సందేశం వచ్చాక డిజిలాకర్ ప్రొఫైల్‌లో వివరాలు రిఫ్రెష్ చేసి, ఆ తర్వాతే క్రెడిట్ బ్యాంక్ సంఖ్య, చివరగా డెబ్ ఐడీ తీసుకోండి. డెబ్ ఐడీ ఒకసారి వస్తే జీవితాంతం అదే. అడ్మిషన్ గడువు ముంచుకొస్తుంటే ఆధార్ మార్పు రసీదు నకలు జతచేసి, గడువు కోరుతూ విశ్వవిద్యాలయం అడ్మిషన్ల విభాగానికి ఇప్పుడే ఒక మెయిల్ పంపండి.